ఒకే స్వభావం, భిన్న ఫలితాలు: అమెరికా అధ్యక్షులు లిండన్ జాన్సన్, జిమ్మీ కార్టర్ – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా మాజీ అధ్యక్షుల సామర్థ్యాలను, లోపాలను వేర్వేరు గడులలో నమోదు చేసి, మార్కులు వేసి, వరుసక్రమంలో పేర్చే సంప్రదాయం 1948 నుండి కొనసాగుతున్నది. లిండన్ బి. జాన్సన్ (1963–69), జిమ్మీ కార్టర్ (1977–81) పాలనలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు ఆ విభజన నిలవడం కష్టమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. పౌరహక్కుల చట్టం, వియత్నాం యుద్ధం, జలప్రాజెక్టుల వివాదం, క్యాంప్ డేవిడ్ ఒప్పందం ఇందుకు ప్రధాన ఆధారాలు. భారతదేశంతో ఈ ఇద్దరూ వ్యవహరించిన తీరును కూడా ఇదే దృష్టితో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: అమెరికా అధ్యక్షపదవి, లిండన్ జాన్సన్, జిమ్మీ కార్టర్, పౌరహక్కులు, వియత్నాం, క్యాంప్ డేవిడ్, పి.ఎల్. 480, తారాపూర్.

1. మార్కుల పట్టిక

హార్వర్డ్ విశ్వవిద్యాలయ చరిత్రాచార్యుడు ఆర్థర్ ఎం. ష్లెసింజర్ 1948లో 55 మంది పండితుల అభిప్రాయాలను సేకరించి, అమెరికా అధ్యక్షులను 'గొప్పవారు' మొదలుకొని 'విఫలులు' వరకు ఐదు తరగతులుగా విభజించాడు. ఆ ఫలితాలు లైఫ్ పత్రికలో వెలువడ్డాయి. లింకన్, వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మొదలైన ఆరుగురు మొదటి తరగతిలోను, గ్రాంట్, హార్డింగ్ చివరి తరగతిలోను చేరారు. 1962లో ఆయనే 75 మందితో ఈ సర్వేను మళ్ళీ నిర్వహించాడు. ఈసారి ప్రశ్నావళి అందుకున్నవారిలో అప్పుడు పదవిలో ఉన్న జాన్ ఎఫ్. కెన్నెడీ కూడా ఉన్నాడు. చరిత్ర గ్రంథాలు రాసిన వ్యక్తిగా ఆయనకు దానిని పంపారు. ఆయన పూరించి పంపలేదు. ఆ కుర్చీలో కూర్చొని, ఆ బల్ల మీదికి వచ్చే కాగితాలను చదవనివారికి మార్కులు వేసే అర్హత లేదన్నది ఆయన అభిప్రాయం. పదవిలో ఉన్నవాడు అలా అనడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఆ అభ్యంతరాన్ని తేలికగా తీసివేయడానికి వీలులేదు.

సీ-స్పాన్ టెలివిజన్ సంస్థ 2000, 2009, 2017, 2021 సంవత్సరాలలో నిర్వహించిన సర్వేలు ఈ పద్ధతిని మరింత సూక్ష్మం చేశాయి. ప్రజలను ఒప్పించే శక్తి, సంక్షోభ నిర్వహణ, ఆర్థిక వ్యవహారాలు, నైతికాధికారం, విదేశీ సంబంధాలు, కాంగ్రెసుతో సంబంధాలు, సమన్యాయ సాధన వంటి పది అంశాలలో ప్రతి అధ్యక్షునికీ విడివిడిగా మార్కులు వేస్తారు. ఈ పట్టికలలో స్థానాలు స్థిరంగా ఉండవు. 1962లో దిగువ సగంలో ఉన్న ఐసెన్‌హోవర్ 2017 నాటికి 5వ స్థానానికి చేరాడు. గ్రాంట్ 2000లో 33వ స్థానంలో ఉండి 2021లో 20వ స్థానానికి ఎదిగాడు. దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతివారి హక్కులను కాపాడడానికి గ్రాంట్ చేసిన ప్రయత్నాన్ని పూర్వపు పండితులు దోషంగానో, అప్రధానంగానో చూశారు. తరువాతి తరం దానినే ఆయన పాలనలో ముఖ్యాంశంగా చూసింది.

స్థానాలు మారడం చరిత్రరచనకు సహజమే. ఈ పద్ధతిలోని అసలు చిక్కు మరొకచోట ఉన్నది. పది గడులలో పది మార్కులు వేసి కూడినప్పుడు, ఆ పది గుణాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివని ముందుగానే ఒప్పుకున్నట్లవుతుంది. జాన్సన్‌కు కాంగ్రెసుతో సంబంధాల గడిలో అగ్రస్థాయి మార్కులు, విదేశీ సంబంధాల గడిలో చాలా తక్కువ మార్కులు వస్తున్నాయి. ఒకే మనిషిలో రెండు వేర్వేరు శక్తులు ఉన్నాయనీ, వాటిలో ఒకటి బలమైనదనీ, మరొకటి బలహీనమైనదనీ ఇది సూచిస్తుంది. ఆయన పత్రాలు, సంభాషణలు చూసినవారికి మాత్రం రెండుచోట్లా పనిచేసినది ఒకే అలవాటని కనిపిస్తుంది.

2. బేరం తెలిసిన నాయకుడు

జాన్సన్ టెక్సాస్ రాష్ట్రపు మెట్ట ప్రాంతంలో 1908లో జన్మించాడు. 1937లో ప్రతినిధుల సభకు, 1948లో సెనేటుకు ఎన్నికయ్యాడు. ఆ సెనేట్ ఎన్నికకు ముందు పార్టీ అభ్యర్థిత్వాన్ని ఆయన దక్కించుకున్నది 87 ఓట్ల తేడాతో. ఆ ఓట్ల లెక్కింపుపై వివాదం నేటికీ చల్లారలేదు. 1953లో సెనేటులో డెమోక్రాటిక్ పార్టీ నాయకుడయ్యాడు. ఎవరికి ఏమి కావాలి, ఎవరు దేనికి భయపడతారు, ఎవరి రాష్ట్రంలో ఏ కర్మాగారం మూతపడబోతున్నది అనే వివరాలు ఆయనకు కంఠస్థం. ప్రతి మనిషికీ అవసరం ఒకటి ఉంటుందనీ, దానిని కనిపెడితే ఒప్పందం కుదురుతుందనీ ఆయన అనుభవంతో నేర్చుకున్నాడు.

1963 నవంబరు 22న అధ్యక్షుడైనప్పుడు కెన్నెడీ ప్రతిపాదించిన పన్ను తగ్గింపు బిల్లు, పౌరహక్కుల బిల్లు రెండూ కాంగ్రెసులో నిలిచిపోయి ఉన్నాయి. సెనేట్ ఆర్థిక సంఘానికి వర్జీనియాకు చెందిన హ్యారీ బర్డ్ అధ్యక్షుడు. బడ్జెట్ 100 బిలియన్ డాలర్లకు లోబడి ఉంటేనే పన్ను బిల్లును కదలనిస్తానన్నది ఆయన పట్టు. జాన్సన్ దానిని 97.9 బిలియన్లకు కుదించాడు. పొదుపు చేస్తున్నామని చూపడానికి శ్వేతసౌధంలో అనవసరమైన దీపాలు ఆర్పించాడు కూడా. ఈ దీపాల కథ ఆనాటి వ్యంగ్య రచయితలకు బాగా ఉపయోగపడింది. కానీ ఆ క్రమంలోని ఆలోచన గమనార్హమైనది. పన్ను బిల్లు సెనేటు దాటకముందే పౌరహక్కుల బిల్లు అక్కడికి వస్తే, దక్షిణాది సభ్యులు మొదటి దానిని తాకట్టు పెట్టుకొని రెండవ దానిని ఆపుతారు. కాబట్టి ముందు తాకట్టు వస్తువును విడిపించాలి.

బిల్లును ప్రతినిధుల సభ 290–130 ఓట్లతో ఆమోదించింది. సెనేటులో దక్షిణాది సభ్యులు సుదీర్ఘ ప్రసంగాలతో దానిని అడ్డుకున్నారు. ఫిలిబస్టర్ అనే ఈ పద్ధతిని ఆపడానికి అప్పట్లో 67 ఓట్లు అవసరం. డెమోక్రాట్లలోనే ఒక వర్గం వ్యతిరేకించడం వల్ల రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సెన్ మద్దతు లేనిదే అది అసాధ్యం. బిల్లును సభలో నడిపిన హ్యూబర్ట్ హంఫ్రీకి జాన్సన్ ఇచ్చిన సలహా డర్క్‌సెన్‌ను విడవకుండా అనుసరించమని, కీర్తి ఆయనకే దక్కనివ్వమని. 1964 జూన్ 10న చర్చను ముగించే తీర్మానం 71–29తో నెగ్గింది. ఆ 71లో 27 ఓట్లు రిపబ్లికన్లవి. వ్యతిరేక వర్గపు నాయకుడు జార్జియా సెనేటర్ రిచర్డ్ రసెల్. ఒకప్పుడు జాన్సన్‌ను సెనేటులో పైకి తెచ్చినవాడు ఆయనే. జూలై 2న బిల్లు చట్టమైంది.

బేరసారాల నేర్పు ఒక్కటే దీనిని సాధించిందనడం అతిశయోక్తి. బర్మింగ్‌హామ్ వీధులలో కుక్కలను, నీటి గొట్టాలను ఎదుర్కొన్న బాలబాలికలు, వాషింగ్టన్‌కు నడిచిన జనం, చర్చిల నుండి కాంగ్రెసు సభ్యులకు వెల్లువెత్తిన ఉత్తరాలు లేకుండా డర్క్‌సెన్ మనసు మారే అవకాశం తక్కువ. జాన్సన్ చేసినది ఆ ఒత్తిడిని ఓట్లుగా మార్చడం. ఆ పని ఆనాడు మరెవరైనా అంత త్వరగా చేయగలిగేవారనడానికి ఆధారం కనిపించదు.

3. అవసరం కనిపించని ప్రత్యర్థి

1964 మే 27న జాన్సన్ రసెల్‌తోను, తరువాత భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతోను టెలిఫోనులో మాట్లాడాడు. ఆయన రహస్యంగా చేయించిన ధ్వనిముద్రణలలో ఆ సంభాషణలు భద్రంగా ఉన్నాయి. వియత్నాంలో పోరాడదగినది ఏమీ లేదని, అయినా బయటపడే దారి కనిపించడం లేదని ఆయన వాటిలో వాపోతాడు. కాబట్టి విషయం తెలియక యుద్ధంలోకి దిగాడన్న వాదం నిలవదు.

ఆ ఏడాది ఆగస్టులో టోంకిన్ సింధుశాఖ ఘటన తరువాత కాంగ్రెసు ఆమోదించిన తీర్మానానికి ప్రతినిధుల సభలో 416–0, సెనేటులో 88–2 ఓట్లు లభించాయి. సభను ఒప్పించే నేర్పు ఇక్కడా అంత ఘనంగానే ఫలించింది. అదే ప్రమాదమైంది. ఆగస్టు 4న జరిగిందని చెప్పిన రెండవ దాడి అసలు జరగలేదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. సందేహాలు అప్పటికే ఉన్నా, ఓట్ల వేటలో అవి సభ ముందుకు రాలేదు.

1965 ఏప్రిల్ 7న జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగం ఈ పరిశీలనకు మరింత ముఖ్యమైనది. మెకాంగ్ నది పరీవాహక ప్రాంత అభివృద్ధికి 100 కోట్ల డాలర్ల సహాయాన్ని ఆయన ప్రతిపాదించాడు. శాంతి కుదిరితే ఉత్తర వియత్నాం కూడా అందులో పాలుపంచుకోవచ్చునన్నాడు. జాన్సన్ పెరిగిన ప్రాంతానికి రూజ్‌వెల్ట్ కాలంలో ఆనకట్టలు, విద్యుత్తు వచ్చి జనజీవితాన్ని మార్చాయి. ఆ విద్యుత్తును రప్పించడానికి పాటుపడిన యువ ప్రతినిధి ఆయనే. ఆనకట్టను కాదనే మనిషి ఉంటాడని ఆయన ఊహకు అందలేదు. హనోయి ప్రధానమంత్రి ఫాం వాన్ డోంగ్ మరునాడే నాలుగు షరతులు ప్రకటించాడు. వాటిలో మొదటి విషయం అమెరికా సైన్యం వైదొలగడం. హో చి మిన్‌కు కావలసినది జాన్సన్ ఇవ్వగలిగిన వాటిలో లేదు.

స్వదేశంలో ఆయన అనుసరించిన పద్ధతి మరింత నష్టం చేసింది. 1965 జూలై 28న సైనికుల సంఖ్యను 75,000 నుండి 1,25,000కు పెంచుతున్నట్లు ప్రకటించాడు. అంతటి నిర్ణయాన్ని కాంగ్రెసు ఉభయసభల ముందు గాని, రాత్రివేళ దేశప్రజలనుద్దేశించిన ప్రసంగంలో గాని చెప్పలేదు. మధ్యాహ్నపు పత్రికా సమావేశంలో, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఏబ్ ఫోర్టాస్ పేరును ప్రతిపాదించడంతో కలిపి చెప్పాడు. ఇంకా ఎక్కువమంది వెళ్ళవలసి ఉంటుందని ఆయనకు అప్పటికే తెలుసు. సంవత్సరాంతానికి ఆ సంఖ్య 1,80,000 దాటింది. ఇంత గుట్టు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం కాలపట్టికలోనే ఉన్నది. ఆ ప్రకటనకు రెండు రోజుల తరువాత, జూలై 30న, వృద్ధులకు వైద్యబీమా కల్పించే మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం మీద సంతకం చేశాడు. యుద్ధం ఖర్చు బయటపడితే సంప్రదాయవాదులు సంక్షేమ పథకాలను కత్తిరిస్తారన్నది ఆయన భయం. బర్డ్ చేతి నుండి పన్ను బిల్లును విడిపించిన యుక్తినే యుద్ధానికీ వర్తింపజేశాడు. ఒకదాని నీడ మరొకదాని మీద పడకుండా వేర్వేరుగా, కొంచెం కొంచెంగా దాటించాలన్నదే ఆ యుక్తి.

బిల్లు ఒకసారి నెగ్గితే పని ముగుస్తుంది. యుద్ధం అలా ముగియదు. 1967 ఆగస్టులో 10 శాతం అదనపు పన్ను కోరవలసి వచ్చింది. ప్రతినిధుల సభ పన్నుల సంఘం అధ్యక్షుడు విల్బర్ మిల్స్ ఖర్చుల కోత లేనిదే ఒప్పుకోనన్నాడు. 1968 జూన్‌లో పన్నుతో పాటు కోత కూడా వచ్చింది. అంటే 1965లో ఏది తప్పించుకోవాలనుకున్నాడో అదే మూడేళ్ళ తరువాత, మాటమీద నమ్మకం కూడా పోయిన స్థితిలో, ఎదురైంది. అప్పటికి వియత్నాంలోని సైనికుల సంఖ్య 5 లక్షలు దాటింది. 1968 మార్చి 31న మళ్ళీ పోటీ చేయబోనని ఆయన ప్రకటించాడు.

4. సమాధానం ఉన్నదని నమ్మిన ఇంజనీరు

జిమ్మీ కార్టర్ జార్జియాలోని ప్లెయిన్స్ గ్రామవాసి. 1946లో నౌకాదళ అకాడమీ పట్టా పొంది, హైమన్ రికోవర్ వద్ద అణు జలాంతర్గామి కార్యక్రమంలో పనిచేశాడు. ఒక్క లోపాన్ని కూడా సహించనివాడుగా రికోవర్ ప్రసిద్ధుడు. ప్రతి సమస్యకూ సరైన సమాధానం ఒకటి ఉంటుందనీ, తగినంత చదివితే అది దొరుకుతుందనీ, దొరికిన తరువాత దానిని బేరానికి పెట్టడం అనైతికమనీ కార్టర్ అభిప్రాయం. వాటర్‌గేట్ కుంభకోణం తరువాతి 1976లో ఓటర్లకు కావలసినది ఇటువంటి మనిషే. వాషింగ్టన్‌తో సంబంధం లేకపోవడమే ఆనాడు ఆయన యోగ్యతాపత్రం.

పదవి చేపట్టిన నెలలోనే, 1977 ఫిబ్రవరిలో, 19 జలప్రాజెక్టుల నిధులు తొలగించాలని కార్టర్ ప్రతిపాదించాడు. వాటిలో చాలావరకు ఖర్చుకు తగిన ప్రయోజనం లేనివి, పర్యావరణానికి హాని చేసేవి. లెక్కల ప్రకారం ఆయన పక్షం బలమైనదే. అయితే ఆ జాబితాను దాదాపు సంప్రదింపులు లేకుండానే కాంగ్రెసు ముందుంచాడు. జాబితాలో లూసియానా పనులు కూడా ఉన్నాయి. ఆ రాష్ట్ర సెనేటర్ రస్సెల్ లాంగ్ సెనేట్ ఆర్థిక సంఘానికి అధ్యక్షుడు. రెండు నెలల తరువాత, ఏప్రిల్‌లో, కార్టర్ తన పాలనకే కేంద్రమని భావించిన ఇంధన ప్రణాళికను ప్రకటించాడు. అందులోని పన్నులన్నీ లాంగ్ సంఘం గుండా వెళ్ళవలసినవే. బర్డ్ విషయంలో జాన్సన్ చేసిన దానికి ఇది పూర్తిగా విరుద్ధమైన క్రమం. ప్రతినిధుల సభలో 292 మంది, సెనేటులో 61 మంది స్వపక్షీయులు ఉండి కూడా ఇంధన చట్టాలు 1978 నవంబరులో గాని, అదీ చాలా భాగం సడలిపోయి గాని, బయటికి రాలేదు.

కార్టర్‌కు కాంగ్రెసు చేతకాలేదన్న తీర్పు పాఠ్యగ్రంథాలలో స్థిరపడిపోయింది. దీనికి కొంత సవరణ అవసరం. పనామా కాలువను తిరిగి పనామాకు అప్పగించే రెండు ఒప్పందాలు ప్రజాదరణ లేనివి. వాటికి సెనేటులో 67 ఓట్లు కావాలి. 1978 మార్చిలోను, ఏప్రిల్‌లోను రెండుసార్లూ 68–32తో అవి నెగ్గాయి. సెనేటర్లతో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడి కార్టర్ దీనిని సాధించాడు. నేర్చుకోలేని మనిషికి ఇది సాధ్యమయ్యేది కాదు. ఎదుటివాడు ఒక్కడై, అంశం ఒక్కటై ఉన్నచోట ఆయన పట్టుదల పనిచేసింది. వందలాది సభ్యుల అవసరాలను ఒకేసారి తూచవలసిన చోట అది విఫలమైంది.

క్యాంప్ డేవిడ్ ఇందుకు నిండైన ఉదాహరణ. 1978 సెప్టెంబరు 5 నుండి 17 వరకు 13 రోజులు ఇజ్రాయెల్ ప్రధాని మెనాహెం బెగిన్, ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ ఆ పర్వత విడిదిలో ఉన్నారు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే మాటలు పెరుగుతున్నాయని మొదటి మూడు రోజులలోనే తేలింది. అప్పటి నుండి కార్టర్ ఒక కుటీరం నుండి మరొక కుటీరానికి ముసాయిదాను మోసుకుపోయాడు. అమెరికా పక్షపు ముసాయిదా 23 సార్లు తిరగరాయబడింది. సినాయ్‌కి సంబంధించిన పాఠాన్ని ఆయనే స్వహస్తంతో రాశాడు. ఆ ఎడారి పటం, అక్కడి వైమానిక స్థావరాలు, రహదారులు ఆయనకు చేతిగీతలంత పరిచితం. చివరి రోజున బెగిన్ వెళ్ళిపోవడానికి సిద్ధపడినప్పుడు, ఆయన మనుమలు మనుమరాండ్రలో ప్రతి ఒక్కరి పేరూ విడివిడిగా రాసి సంతకం చేసిన ఛాయాచిత్రాలను కార్టర్ స్వయంగా తీసుకువెళ్ళి ఇచ్చాడు. బెగిన్ ఆ పేర్లను పైకి చదువుతూ చలించిపోయాడని కార్టర్ తరువాత రాశాడు. 1979 మార్చి 26న శాంతి ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆ రెండు దేశాల మధ్య తిరిగి యుద్ధం జరగలేదు.

జలప్రాజెక్టుల జాబితాను తయారు చేసిన వివరాసక్తే ఈ ఒప్పందాన్ని సాధించింది. పత్రికలు లేని చోటు, ఇద్దరే ప్రత్యర్థులు, గీత గీయగలిగిన భూమి అనే మూడు అనుకూలతలు అక్కడ ఉన్నాయి. అవి లేనిచోట అదే ఒప్పందంలోనూ ఫలితం వేరు. పాలస్తీనీయులు ఆ విడిదిలో లేరు. వెస్ట్ బ్యాంక్‌లో కొత్త ఆవాసాల నిర్మాణం చర్చలు సాగినంతకాలమూ ఆగుతుందని కార్టర్ అర్థం చేసుకున్నాడు; మూడు నెలలే అని బెగిన్ అన్నాడు. ప్రతి పదాన్నీ తూచి రాసిన మనిషికి ఆ ఒక్కచోట రాతపూర్వకమైన హామీ చేతికి రాలేదు.

తక్కినదానికి ఎక్కువ వివరణ అక్కరలేదు. 1979 జూలై వరకు శ్వేతసౌధంలో సిబ్బంది ప్రధానాధికారి అనే పదవిని ఆయన నియమించలేదు. కాగితాలన్నీ తనవద్దకే రావాలనుకున్నాడు. టెన్నిస్ మైదానం ఎవరు ఎప్పుడు వాడుకోవాలో కూడా ఆయనే చూసేవాడని ఆయన వద్ద ప్రసంగ రచయితగా పనిచేసిన జేమ్స్ ఫాలోస్ 1979లో రాశాడు. కార్టర్ దానిని అంగీకరించలేదు. ద్రవ్యోల్బణం 1980లో 13.5 శాతానికి చేరింది. దానిని అణచగలిగిన పాల్ వోల్కర్‌ను ఫెడరల్ రిజర్వ్ అధిపతిగా నియమించినవాడు కార్టరే అయినా, ఫలం రీగన్ కాలంలో గాని అందలేదు. టెహ్రాన్‌లో 444 రోజులు బందీలుగా ఉన్నవారు రీగన్ ప్రమాణస్వీకారం చేసిన రోజున విడుదలయ్యారు.

5. భారతదేశం ముందు ఇద్దరూ

ఈ రెండు స్వభావాలూ భారతదేశానికి కూడా అనుభవంలోకి వచ్చాయి. భారత్‌కు పి.ఎల్. 480 కింద గోధుమలు సరఫరా చేసే ఒప్పందం 1965 జూన్‌తో ముగిసింది. జాన్సన్ దీర్ఘకాలిక ఒప్పందానికి అంగీకరించక, ఒకటి రెండు నెలలకు సరిపడే మేరకే అనుమతిస్తూ వచ్చాడు. అమెరికా అధికారుల పరిభాషలో దీని పేరు 'షార్ట్ టెదర్', అనగా పొట్టి పలుపు. వ్యవసాయానికి ఎక్కువ నిధులు కేటాయించాలని, ఎరువుల రంగంలోకి ప్రైవేటు పెట్టుబడులను అనుమతించాలని ఒత్తిడి చేయడం దీని ఉద్దేశం. 1965 నవంబరులో రోమ్‌లో అమెరికా వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్, భారత వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం ఈ విషయాలపై అవగాహనకు వచ్చారు. వరుసగా రెండేళ్ళు వర్షాలు విఫలమయ్యాయి. 1966లో భారత్ దిగుమతి చేసుకున్న ఆహారధాన్యాలు సుమారు కోటి టన్నులు. ఆ ఏడాది జూలైలో ఇందిరాగాంధీ మాస్కోలో వియత్నాం బాంబుదాడులను విమర్శించే ఉమ్మడి ప్రకటనలో పాలుపంచుకున్నారు. ఆ తరువాత నెలల తరబడి జాన్సన్ కొత్త కేటాయింపులను ఆపాడు. విడుదల చేయమని ఫ్రీమన్ వంటి ఆయన మంత్రులే కోరుతున్నా వినలేదు. బీహారులో అప్పటికి కరువు ముదురుతున్నది.

దీనిని సమర్థించేవారు హరిత విప్లవాన్ని సాక్ష్యంగా చూపుతారు. అయితే కొత్త వంగడాల విధానాన్ని సుబ్రహ్మణ్యం అంతకుముందే రూపొందించుకుంటున్నాడు. అమెరికా ఒత్తిడి ఆర్థికశాఖతోను, పార్టీలోని విమర్శకులతోను వాదించడానికి ఆయనకు తోడ్పడి ఉండవచ్చు. జాన్సన్ ఇక్కడ చేసినది ఊగిసలాడే సెనేటర్‌ను ఓటింగు వేళ వరకు అనిశ్చితిలో ఉంచే పాత పద్ధతినే. సెనేటర్‌కైతే చివరికి తన నియోజకవర్గానికి చూపుకోవడానికి ఏదో ఒకటి దక్కుతుంది. తిండిగింజల కోసం తలవంచిన ప్రభుత్వానికి తన ప్రజలకు చూపుకోవడానికి ఏమీ మిగలదు. ఈ తేడాను జాన్సన్ గుర్తించలేదు. ధాన్యం వచ్చింది, కృతజ్ఞత రాలేదు. తన జ్ఞాపకాలలో ఒక అధ్యాయాన్ని ఈ విధానానికి కేటాయించి ఆయన దానిని విజయంగానే వర్ణించాడు.

ఈ జాన్సనే 1965 అక్టోబరు 3న స్వాతంత్ర్య ప్రతిమ పాదాల వద్ద వలస చట్టం మీద సంతకం చేశాడు. 1946 నాటి చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి 100 మందికి మాత్రమే కోటా ఉండేది. జాతుల వారీ కోటాలను రద్దు చేసిన కొత్త చట్టం విప్లవాత్మకమైనది కాదని ఆయన ఆనాడు అన్నాడు. ఆంధ్ర, గుంటూరు, ఉస్మానియా వైద్య కళాశాలల పట్టభద్రులు, వారి వెనుక ఇంజనీర్లు అమెరికా చేరినది ఈ చట్టం తెరిచిన దారినే. ఆయన పెద్దగా పట్టించుకోని ఈ ఫలితాన్ని ఏ గడిలో నమోదు చేయాలో సర్వేలు చెప్పవు.

కార్టర్ 1978 జనవరిలో ఢిల్లీ వచ్చాడు. ఆయన తల్లి లిలియన్ 1966–68లో బొంబాయి సమీపంలోని విక్రోలిలో పీస్ కోర్ కార్యకర్తగా పనిచేసింది. ఆయన సందర్శించిన హర్యానా గ్రామానికి కార్టర్‌పురి అని పేరు మార్చుకున్నారు. ఇంతటి సద్భావం మధ్య తారాపూర్ అణు ఇంధనం విషయంలో మొరార్జీ దేశాయికి కటువైన ఉత్తరం రాయాలని విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్‌తో ఆయన అన్న మాటలు ఆపివేయని మైకులో పత్రికలవారికి వినిపించాయి. ఆ మార్చిలో ఆయన సంతకం చేసిన అణువ్యాప్తి నిరోధక చట్టం, తన అణు కేంద్రాలన్నిటినీ అంతర్జాతీయ తనిఖీకి తెరవని దేశానికి ఇంధనం ఇవ్వకూడదంటుంది. 1963 నాటి ఒప్పందం ప్రకారం ఇంధనం ఇవ్వవలసిందేనని భారత్ వాదించింది. రెండు వాదాలూ కాగితం మీద సరైనవే. సరైన సమాధానం ఒక్కటే ఉంటుందని నమ్మే మనిషికి ఇది కఠిన పరీక్ష. 1980 మేలో అణు నియంత్రణ సంఘం భారత్‌కు అనుమతి నిరాకరించగా, జూన్‌లో కార్టర్ తన అధికారంతో ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి 38 టన్నుల యురేనియం పంపడానికి పూనుకున్నాడు. సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో ప్రవేశించిన తరువాత భారత్‌ను దూరం చేసుకోరాదన్నది కారణం. ప్రతినిధుల సభ 298–98తో దానిని తిరస్కరించింది. సెనేట్ సెప్టెంబరు 24న 48–46తో ఆయన పక్షాన నిలిచింది. తాను ప్రోత్సహించిన చట్టం ఉద్దేశానికి ఎదురుగా, ఒక్కొక్క ఓటూ కూడబెట్టుకొని గెలిచిన ఈ సందర్భంలో కార్టర్ జాన్సన్‌కు దగ్గరగా కనిపిస్తాడు.

6. ఆధారాల ప్రభావం

ఈ ఇద్దరి మూల్యాంకనం లభించే ఆధారాలను బట్టి కూడా మారుతున్నది. జాన్సన్ తన ధ్వనిముద్రణలను తన మరణానంతరం 50 ఏళ్ళపాటు మూసి ఉంచాలని కోరాడు. 1973లో ఆయన మరణించగా, గ్రంథాలయం 1993 నుండే వాటిని తెరవసాగింది. అవి వినడానికి ముందు వియత్నాం చరిత్రకారులకు తెలిసిన జాన్సన్ మొండివాడు; విన్న తరువాతి జాన్సన్ సందేహి. బాధ్యత దీనివల్ల తగ్గదు, బహుశా పెరుగుతుంది. కార్టర్ పాలన గురించి అటువంటి ధ్వని ఆధారం లేదు. 2010లో ఆయన ప్రచురించిన దినచర్య ఆయనే ఎంపిక చేసి, వ్యాఖ్యానించినది.

కార్టర్ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 2002లో నోబెల్ శాంతి బహుమతి, గినియా పురుగు వ్యాధి నిర్మూలనలో ఆయన సంస్థ కృషి, 2024 డిసెంబరులో నూరేళ్ళ వయసులో మరణం – వీటి వల్ల ప్రజాభిప్రాయంలో ఆయన స్థానం ఎంతో పెరిగింది. సీ-స్పాన్ పట్టికలో మాత్రం 2000లో 22గా ఉన్న ఆయన స్థానం 2021లో 26. పండితులు మాజీ అధ్యక్షుని జీవితాన్ని అధ్యక్షుని పాలనతో కలపకుండా చూశారనడానికి ఇది నిదర్శనం. జాన్సన్ నాలుగు సర్వేలలోనూ 10, 11 స్థానాల మధ్యనే ఉన్నాడు. రాబర్ట్ కారో రచిస్తున్న బృహత్ జీవితచరిత్రలో 2012లో వెలువడిన నాలుగవ సంపుటం 1964 తొలి నెలల వద్ద, పౌరహక్కుల బిల్లు సెనేటు వాకిట ఉండగా, ఆగింది. వియత్నాం ఆ తరువాతి సంపుటంలో రావలసి ఉన్నది.